ఇంటి జీతం

చెమ్మ మచ్చ ఇంకా పెరుగుతూనే ఉందనిపిస్తోంది. వాల్వు కట్టేశాం, ఇక పెరగదు అని ప్లంబర్ బాబాయ్ చెప్పి మరీ వెళ్ళాడు, అయినా నా కళ్ళు నమ్మడం లేదు. పొద్దున పిల్లి ముడుచుకుని పడుకున్నంత ఉన్నది ఇప్పుడు మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నంత అయింది, అంచుల్లో రంగు ఉబ్బి, వేలు తగిలితే చాలు పెచ్చులుగా రాలుతోంది. నేను మామ్మ మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. ఈ కింది వాటాలో అద్దెకుండే బడి బస్సు డ్రైవర్‌కి తల్లి ఈవిడ. తుంటి ఎముక విరిగి మంచం మీదే ఉంది, పెద్దగా కదపొద్దన్నారు డాక్టర్లు. కొడుకు పిల్లల్ని ఇళ్ళకి చేర్చే ట్రిప్పుకి వెళ్తూ, ఒక్క గంట అమ్మని చూస్తారా ఓనరమ్మగారూ అని మొహమాటంగా అడిగాడు. చూడకేం చేస్తాను, ఇల్లు నాది, గోడ నాది, గోడలో ఎక్కడో పగిలిన పైపు కూడా నాదే. బాబాయ్ గోడ కోసే మిషన్‌నీ ఇంకో మనిషినీ తీసుకురావడానికి వెళ్ళాడు, గంటలో వస్తానన్నాడు. అన్నయ్య కూడా సాయంత్రం వస్తానన్నాడు. ఇద్దరిలో ఎవరు ముందొస్తే నాకు మంచిదో తేల్చుకోలేకపోతున్నాను, ఇద్దరూ రాకపోతే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది, వెంటనే సిగ్గేసింది.

బాబాయ్ ఈ గోడని చాలాసేపు చూశాడు, చెవి వెనకున్న పెన్సిల్ తీసి మళ్ళీ చెవి వెనకే పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి కిటికీలో పెట్టి మరిచిపోయాడు. "ఇటు స్నానాలగది మూల కింద దూరింది, అటు వంటింట్లో పైన తేలింది. మధ్యలో మెట్లెక్కిందో, ఏటవాలుగా పోయిందో, కట్టినాయనకే ఎరుక. దారి తెలిస్తే ఒక్క చోట కొడతా తల్లీ. తెలీకపోతే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా విప్పుకుంటూ పోవడమే" అన్నాడు. లోపలిది వదిలేసి గోడ మీద నుంచే కొత్త పైపు వేసెయ్యకూడదా అంటే, ఇంత నానిన గోడకి మేకు నిలబడదన్నాడు. కట్టిన మేస్త్రీ లేడు. కట్టించిన మా మేనత్త కూడా పోయి ఏడాది దాటింది. గోడంతా విప్పితే ఈ గదిలో మామ్మ ఉండలేదు, డ్రైవర్ అప్పుడే తల గోక్కుంటూ, అమ్మని మా చెల్లెలింటికి తీసుకెళ్తాలెండి, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. తర్వాత సంగతి అంటే ఏమిటో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళెవరికైనా తెలుసు. సామాను ముందు మూటలో వెళ్తుంది, మూట వెనకే మంచం వెళ్తుంది, మంచం వెళ్ళాక మనిషి తాళం చేతికిచ్చి మీరు చాలా మంచివాళ్ళండీ అంటాడు.

"ఏమే పిల్లా, గోడని అలా చూస్తే భయపడి ఆరిపోతుందనుకున్నావా?" అంది మామ్మ కళ్ళు తెరవకుండానే. నిద్రపోతోందనుకున్నాను. లేదు మామ్మా, ఊరికే చూస్తున్నాను అన్నాను. "నిన్నటి నుంచీ గొణుగుతోందే అది. మా వాడితో చెప్తే నీకు చెవుడమ్మా అన్నాడు. చెవుడున్నదానికి గోడ గొణుగుడు వినబడుతుందిట్రా అన్నాను. అచ్చం మీ అత్త గొణిగినట్టే." మళ్ళీ సన్నగా గురక మొదలైంది. అత్త నిజంగానే గొణిగేది, పనిచేస్తున్నంతసేపూ తనలో తను మాట్లాడుకునేది, ఆసుపత్రిలో నర్సు కదా, రోగులతో నెమ్మదిగా మాట్లాడీ మాట్లాడీ అలవాటైపోయిందేమో. కత్తెర ఇక్కడ, దూది ఇక్కడ, టార్చిలైటు తలగడ కింద, అని ఎవరికో అప్పజెబుతున్నట్టు. వినేదాన్ని నేనే, బడి సెలవులివ్వగానే మా ఊరి నుంచి ఇక్కడికి పంపేసేవారు నన్ను, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం, ఆమె గొణుగుడు నాకు ఫ్యాను చప్పుడులాంటిది, ఆగిపోతే మెలకువ వచ్చేది.

ఇంటి జీతం అన్నమాట కూడా అత్తదే. అద్దె చేతిలో పడగానే, తన పర్సు తెరవకముందే, అందులోంచి ఇంటి వాటా తీసి పాత దూది డబ్బాలో వేసేది. డబ్బా మీద ఎర్ర గీత ఇప్పటికీ ఉంది, మూత తీస్తే స్పిరిట్ వాసన కూడా ఇప్పటికీ వస్తుంది, లేక నాకే వస్తుందో. "అదీ పనిచేస్తోంది కదే. ఎండకి నిలబడుతోంది, వానకి నిలబడుతోంది, ఒక్కరోజు సెలవడగదు. దాని జీతం దానికి ఇవ్వొద్దూ?" అనేది. అన్నయ్య పడీ పడీ నవ్వేవాడు, ఇంటికి పెన్షన్ కూడా ఇస్తావా అత్తా, బోనస్ ఎప్పుడిస్తున్నావు అని. "నవ్వరా నవ్వు. రోగి గుమ్మంలోకొచ్చాక దూది వెతుక్కునేది నర్సెలా అవుతుంది?" చివరి రోజుల్లో మందులకి బయల్దేరుతూ నేను ఆ డబ్బా వైపు చూశాను. అత్త పడుకునే ఉంది, ఊపిరి కూడా సరిగ్గా అందడం లేదు, అయినా నా చూపు ఎటు పోయిందో కనిపెట్టేసింది. దాని జోలికెళ్ళకు, అది ఇంటిది, నా సంగతి నాకు వేరే ఉంది అంది. నిజంగానే వేరే ఉంది, బీరువాలో తెల్ల యూనిఫాం మడతల్లో, ఆసుపత్రి ఖర్చుకి అని. మనిషి పోయాక కూడా ఎవరినీ చెయ్యి చాపనివ్వలేదు ఆమె. ఇల్లు నా పేర రాసింది, అన్నయ్యకి అప్పటికే ఇల్లుంది. బట్టలు కూడా నాకే వచ్చాయి, ఆమె జాకెట్లు ఒక్క కుట్టు విప్పక్కర్లేకుండా నాకు సరిపోయాయి, మొదటిసారి వేసుకున్నరోజు అద్దంలో చూసుకోవడానికి జంకాను.

అన్నయ్య చెడ్డవాడేం కాదు. నేను కళ్ళజోళ్ళ కొట్టులో రోజంతా అద్దాలు అరగదీసి సాయంత్రానికి వచ్చి, పైగదిలో ఒక్కదాన్నే ఉండి, మోటారు కాలిపోయిందనీ ట్యాంకు మూత ఎగిరిపోయిందనీ పరుగులు పెట్టడం వాడికి చూడబుద్ధి కాదు. "అమ్మేసి హాయిగా ఉండవే. అద్దె తినడమంటే కుర్చీలో కూర్చుని తినడం కాదని నీకూ తెలిసిందిగా" అన్నాడు, మోటారు కాలినప్పుడు. దూది డబ్బా సగం పైగా ఖాళీ అయిన రోజది, మోటారు చుట్టించి, బిగించి, నీళ్ళు ఎక్కాక నేను మెట్ల మీద కూలబడ్డాను. ఆ నీరసంలో మాటిచ్చాను, ఇంకోసారి ఇలాంటిదొచ్చి, డబ్బా అడుగంటి, నేను ఒకరి దగ్గర చెయ్యి చాపాల్సొస్తే ఆ రోజే అమ్మేస్తాను అన్నయ్యా అని. వాడు మరిచిపోలేదు. కొనేవాళ్ళు దొరికారు, ఇవాళ మాట చెప్పాలన్నాడు. డబ్బాలో ఉన్నది ఒక్కచోట గోడ కొట్టి జాయింటు మార్చి పూత వేయడానికి సరిపోతుంది. గోడంతా విప్పడానికి చాలదు, ఎంత లాగినా చాలదు, పొద్దుట్నుంచీ మనసులో లాగుతూనే ఉన్నాను.

నాకు కోపం ఎక్కడొస్తోందంటే, ఏం చెయ్యాలో అన్నీ చేశాను. ప్రతి వాల్వుకీ ఒక రంగు గుడ్డ కట్టాను, ఎర్రది కింది వాటాకి, పచ్చది పైకి, అందుకే పొద్దున డ్రైవర్ అరిచిన అరుపుకి నేను మెట్లు దిగేలోపే మామ్మ మంచంలోంచే ఎర్రగుడ్డ తిప్పరా అని కేకేసిందట. ప్లంబర్ నంబరు, కరెంటాయన నంబరు తలుపు లోపల అంటించాను. ఫ్యూజులు, టార్చి, బకెట్లు, పాత దుప్పట్లు మెట్ల కింద పెట్టాను. కనబడేవాటన్నిటికీ సిద్ధంగా ఉన్నాను. గోడలోపల ఉండేదాని గురించి ఒక్కసారీ అనుకోలేదు. అత్త అనుకోకుండా ఉంటుందా? తలగడ కింద టార్చి పెట్టుకునే మనిషి, పైపు ఎటు పోయిందో ఎవరికీ చెప్పకుండా గోడ మూయించి, పూత వేయించి, నిశ్చింతగా నిద్రపోయిందా? ఎక్కడో రాసి ఉంటుందని బీరువా వెతికాను, పరుపు కింద వెతికాను. ఏమీ లేదు. ఆమె రాసే మనిషి కాదు, అప్పజెప్పే మనిషి. ఇక్కడ కత్తెర, ఇక్కడ దూది.

పెచ్చు ఇంకోటి రాలింది. దాని కింద నీలం రంగు, నీలం కింద తెలుపు, తెలుపు కింద బూడిదరంగు సిమెంటు, ఈ గోడకి ఎన్ని చొక్కాలు వేశారో. తడి సిమెంటు వాసన వస్తోంది. ఈ వాసన నాకు తెలుసు, ఇది ఇవాల్టి వాసన కాదు, ఇంకా తలుపులు లేని ఇంటిది, కిటికీలకి గోనెపట్టాలు కట్టినప్పటిది, నేను మా ఊరి బడిలో రెండో క్లాసు అయి వచ్చినప్పటిది. ఈ గోడ పచ్చిపచ్చిగా ఉంది, నన్ను దానికి వీపు ఆనించి నిలబెట్టింది అత్త, నా గౌను వెనకంతా సిమెంటు అంటుకుంది, మేకుతో గోడ మీద గీత గీసింది. నేను వెనక్కి తిరిగి చూసుకుని ఏడుపు మొదలుపెట్టాను. మా బడిలో మాస్టారు తల మీద స్కేలు అడ్డంగా పెట్టి గీస్తారు, తల పైకొస్తుంది గీత, అత్త గీసింది నా చెవి దగ్గరే ఉంది, నన్ను పొట్టిదాన్ని చేసేసింది. తప్పు గీశావు, తప్పు గీశావు అని కాళ్ళు నేలకేసి కొట్టాను. అత్త నవ్వింది తప్ప గీత మార్చలేదు. ఆ మర్నాడో ఆపై వారమో రంగులాయన వచ్చి ఆ గీతని కూడా పూసేశాడు. దానికీ ఏడ్చాను, ఉన్న గీత కూడా పోయిందని. అప్పుడు అత్త గిన్నె తోముతూ వెనక్కి తిరగకుండా అంది, గీత పోతే పోయింది లేవే, చెవి ఉందిగా.

చెవి ఉందిగా. స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అది నా ఎత్తు గీత అనుకున్నాను, చేతకాని ఎత్తు గీత. ఆమె నర్సు, పిల్లల ఎత్తు కొలవడం రాని నర్సుంటుందా? లేచి గోడ దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాను. ఏమీ లేదు, చల్లగా ఉంది అంతే. వాల్వు కట్టేసి ఉందన్న సంగతి గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకుని, బయటికి పరిగెత్తి ఎర్రగుడ్డ కట్టిన వాల్వు కొంచెం తిప్పాను, చాలా కొంచెం, మళ్ళీ వచ్చి చెవి పెట్టాను. ఏమీ లేదు. "ఉన్న తడి చాలకనా ఇంకా వదులుతున్నావు?" అంది మామ్మ, ఈసారి కళ్ళు పూర్తిగా తెరిచి. పైపు ఎటుందో విందామని మామ్మా. "చెవి అక్కడ పెడితే ఏం వినబడుతుంది? నాకు ఇక్కడికి వినబడుతోంది, ఇంకాస్త కిందికి రా." కిందికి అంటే ఎంత కిందికి? రెండో క్లాసు పిల్ల చెవి ఎంత ఎత్తులో ఉంటుంది? ఆ పిల్ల ఏది? ఆ పిల్ల పెరిగి ఇలా అయింది, గోడ ముందు నిలబడి తన చెవిని తనే వెతుక్కుంటోంది.

గీత గీసిన రోజుతో అయిపోలేదు. ట్యాంకు మొదటిసారి నింపి నీళ్ళు వదిలిన రోజు కూడా ఒకటుంది. పైనుంచి మేస్త్రీ, వదులుతున్నానమ్మోయ్ అని అరిచాడు. అత్త నన్ను మళ్ళీ గోడ దగ్గరికి పిలిచింది, విను అంది. నేను చెవి ఆనించాను. అత్త కూడా ఆనించింది, నా ఎదురుగా, నా కళ్ళకి ఆమె కళ్ళు ఇంత దగ్గరగా ఎప్పుడూ లేవు, ఆమె ముక్కు మీద చెమట బొట్లు కనబడుతున్నాయి. చప్పుడొచ్చింది, ఎక్కడో దూరంగా ఎవరో పట్టుబట్ట ఈడుస్తున్నట్టు, నేను నవ్వాను, ఆమె నవ్వలేదు, గుర్తుపెట్టుకో అంది. ఆమె కళ్ళు నా కళ్ళకి ఎదురుగా ఎలా ఉన్నాయి? అంత పెద్దామె, నేను అంతున్నప్పుడు? లేచాక ఆమె తెల్ల యూనిఫాం మోకాళ్ళ దగ్గర రెండు బూడిదరంగు మచ్చలున్నాయి, డ్యూటీకి టైమైంది, ఇప్పుడు ఇదొకటి ఉతకాలి అని గొణుక్కుంది. మోకాళ్ళ మీద కూర్చుంది అత్త. ఆమె జాకెట్లు నాకు కుట్టు విప్పక్కర్లేకుండా సరిపోయాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేల తడిగా ఉంది, చీర అంటుకుంది. చెవి ఆనించాను. ఉంది.

చాలా సన్నగా, ఈడుస్తున్నట్టు, గొణుగుతున్నట్టు. ఊపిరి బిగబట్టాను. "గ్లాసు పెట్టుకోవే, స్టీలు గ్లాసు" అంది మామ్మ, తన మందుల బల్ల చూపిస్తూ. "మూతి గోడకి, అడుగు చెవికి. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మా అత్తగారి గదిలో మాటలన్నీ అలాగే వినేదాన్ని. నా మీద ఎంతెంత చెప్పేదో మహాతల్లి." గ్లాసు పెట్టాను, గొణుగుడు మాటంత స్పష్టమైంది. స్నానాలగది మూల నుంచి మోకాళ్ళ మీదే జరుగుతూ వచ్చాను, ఒక్కో జానకీ ఆగి, గ్లాసు ఆనించి. ఏటవాలుగా లేదు, మెట్లు లేవు, మూలలోనే పైకెక్కేసి అక్కణ్ణుంచి తిన్నగా నా చెవి ఎత్తునే వస్తోంది, రెండో క్లాసు పిల్ల చెవి ఎత్తున, మోకాళ్ళ మీద కూర్చున్న నర్సు చెవి ఎత్తున. ఉంది, ఉంది, ఉంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి, ఇక నీళ్ళు కదిలాయంటే పగులు దాకానే కదలాలి. కిటికీ కిందినుంచి దాటాను, ఉంది. వంటింటి మూలకి రెండు మూరల దూరంలో చిటపటమంది. ఆపైన జరిగితే నిశ్శబ్దం. వెనక్కి వస్తే చిటపట. కిటికీలో బాబాయ్ మరిచిపోయిన పెన్సిల్‌తో అక్కడ ఒక అడ్డగీత గీశాను. "దొరికాడా దొంగ?" అంది మామ్మ. వెళ్ళి వాల్వు కట్టేసి వచ్చాను. కానీ దొరికాడో లేదో గోడ కొడితే కానీ తెలియదు, చెవి తప్పు చెప్పి ఉండొచ్చు, జ్ఞాపకం అంతకంటే తప్పు చెప్పి ఉండొచ్చు.

బాబాయ్ మిషన్ గోనెసంచిలో మోయించుకుంటూ వచ్చాడు, వెనకాల ఒక బలమైన మనిషి. గీత చూపించాను. "ఏంటి తల్లీ, గోడకి స్టెతస్కోపు పెట్టావా?" ఇక్కడ కొట్టు బాబాయ్. "లేకపోతే?" లేకపోతే నువ్వన్నట్టే గోడంతా కొట్టు. ఆయన నా మొహం చూసి ఉలి పెట్టాడు. మామ్మ మీద పాత దుప్పటి కప్పి, మొహానికి నా కొంగు అడ్డుపెట్టాను. మొదటి దెబ్బకి రంగు ఊడింది, ఆ తర్వాత పొడి సిమెంటు, ఇంకా పొడి సిమెంటు, అన్నయ్యకి ఏ మాటలతో చెప్పాలో లోపల కూర్చుకోవడం మొదలుపెట్టాను, సరే అన్నయ్యా, నువ్వు చెప్పిందే. ఉలి చప్పుడు మారింది. గణగణమన్నది కాస్తా మెత్తగా అయింది, తడి ముద్దలు రాలాయి, బాబాయ్ వేలు పెట్టి తవ్వి, మొహం లోపలికి దూర్చి, "ఓరి నీ అసాధ్యం కూలా" అన్నాడు. పైపు కీలు దగ్గర వెంట్రుకంత పగులు. కంత అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. మిషన్ సంచి విప్పనేలేదు. "దీన్ని మోసుకొచ్చిన కిరాయి ఎవరిస్తారమ్మా?" అన్నాడు వెనకున్న మనిషి. ఇల్లు ఇస్తుంది అన్నాను. అతను అయోమయంగా కప్పు వైపు చూశాడు. మామ్మ కొంగు తీసేసి, ఇస్తుందిరా, దానికి జీతం ఉంది అంది.

డ్రైవర్ వచ్చేసరికి కొత్త కీలు బిగించేశారు, నీళ్ళు వదిలి చూశారు, బొట్టు కారలేదు. ఇక చెల్లెలికి ఫోన్ చెయ్యొద్దులేరా, ఆవిడ వంట నేను తినలేను అంది మామ్మ కొడుకుతో. డబ్బా దాదాపు అడుగంటుతుంది, కానీ నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, వచ్చే నెల అద్దెలోంచి మళ్ళీ మొదటి జీతం పడుతుంది. బాబాయ్ సిమెంటు కలపబోతుంటే అన్నయ్య వచ్చాడు, బూట్లు గుమ్మంలో విప్పి, కంత చూసి, మంచం చూసి, నా చీర చూసి, "అయితే కొనేవాళ్ళకి ఏం చెప్పమంటావే?" అన్నాడు. అమ్మడం లేదని చెప్పు. "ఇవాళ సరే. రేపు ఇంకోటొస్తే?" ఇంకోటొస్తుంది అన్నయ్యా, రాకుండా ఎలా ఉంటుంది, అన్నాను. ఇంత నిదానంగా నేను వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. బాబాయ్‌ని ఒక్క నిమిషం ఆగమని, అన్నయ్యా, ఇలా వచ్చి మోకాళ్ళ మీద కూర్చో అన్నాను. పిచ్చెక్కింది నాకో తనకో తెలియనట్టు చూశాడు వాడు. "కొత్త ప్యాంటే!" ఉతుక్కోవచ్చు, కూర్చో. పొట్ట అడ్డొచ్చి, కిటికీ పట్టుకుని మూలుగుతూ కూర్చున్నాడు. మామ్మ దుప్పటి కింద కిలకిలా నవ్వుతోంది. ఇదిగో ఇక్కడ పోతుంది పైపు, ఆ మూల నుంచి ఈ మూలకి తిన్నగా. ఇప్పటిదాకా నా ఒక్కదానికే తెలుసు, నేను మంచాన పడిన రోజున ఇంకొకరికి తెలిసి ఉండాలి, అందుకే నీకు చెప్తున్నాను, నా చెవి ఎత్తు, గుర్తుపెట్టుకో.

వాడు కంతలోకి చూశాడు, గోడ చూశాడు, తన ఒళ్ళు చూసుకున్నాడు. "నాకు చెవి దాకా రాలేదే. భుజం దగ్గరే ఉంది" అన్నాడు.

అయితే భుజం అని గుర్తుపెట్టుకో, అన్నాను.